కందుకూరి అనే ఇంటిపేరు ఉంటే వీరేశలింగం గారి బంధువులమేనా? మూలం ఎలా తెలుసుకోవాలి?

ముందు మీ ప్రశ్న నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూడండి. మీ ఇంటిపేరు కందుకూరి. మూడు తరాలుగా కాకినాడ దగ్గర ఉంటున్నారు. "మనం వీరేశలింగం పంతులుగారి వాళ్ళం" అని మీ నాన్నమ్మగారు అంటారు. "అదేం కాదు, మనవాళ్ళు కందులు పండించేవాళ్ళు, అందుకే కందుకూరి" అని మీ బాబాయిగారు అంటారు. ఈ రెంటిలో ఏది నిజం, సెలవు పెట్టి కందుకూరు వెళ్ళి వాకబు చేస్తే ఏమైనా దొరుకుతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీ ఇంటిపేరు ఊరి పేరు. కందులతో దానికి సంబంధం లేదు. వీరేశలింగం గారితో చుట్టరికం ఉంటే ఉండొచ్చు, కానీ ఇంటిపేరు కలిసినంత మాత్రాన అది రుజువైనట్టు కాదు. ఇక కందుకూరు ప్రయాణం ఇప్పుడే పెట్టుకోకండి. మీవాళ్ళు వచ్చి చేరిన ఊళ్ళో వెతకడం మొదలుపెట్టాలి, వదిలేసి వచ్చిన ఊరికి చిట్టచివర వెళ్ళాలి. చాలామంది ఇది తిరగేసి చేసి, రెండు రోజులు ఊరంతా తిరిగి ఉత్త చేతులతో వస్తారు.

నేను రెవెన్యూలో ముప్ఫై ఏళ్ళకి పైగా పనిచేశాను, అందులో ఎక్కువ కాలం పాత రికార్డుల మధ్యే. రిటైరయ్యాక తెలిసినవాళ్ళకి వంశవృక్షాలు రాసిపెట్టడం పనిగా పెట్టుకున్నాను. ఇప్పటికి నలభై కుటుంబాలకి పైనే చేసి ఉంటాను, అందులో సగం మంది మీలాగే ఇంటిపేరు దగ్గర మొదలుపెట్టినవాళ్ళే. ఆ అనుభవంతో చెప్తున్నాను.

మొదట ఆ "రి" సంగతి. ఊరి పేరు కందుకూరు. మీ పేరు కందుకూరి. ఈ చివర మార్పు ఉత్తినే రాలేదు, దాన్ని వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటారు. ఊరు అనే మాట "ఊరి చెరువు" అన్నప్పుడు ఊరి అవుతుంది, ఇల్లు "ఇంటి" అవుతుంది, చేయి "చేతి" అవుతుంది. ఇ, టి, తి అనే ఈ మూడింటిలో ఏది చేరినా "ఫలానా దానికి చెందిన" అని అర్థం. కందుకూరి అంటే కందుకూరుకి చెందినవాళ్ళు అని, అంతే. అల్లూరు నుంచి అల్లూరి, దువ్వూరు నుంచి దువ్వూరి, వేటూరు నుంచి వేటూరి ఇలా వచ్చినవే. చివర పాడు ఉంటే పాటి అవుతుంది, నూతలపాడు వాళ్ళు నూతలపాటి వాళ్ళయ్యారు. అందుకే ఇంటిపేరు చివర "ఊరి" గానీ "పాటి" గానీ కనిపిస్తే నేను మొదట ఊళ్ళ జాబితా తీస్తాను, పంటలు, చెట్లు, జంతువుల జోలికి పోను.

మీ బాబాయిగారి "కందులు" కథ లాంటివి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఆ కథ ఊరి పేరుని విడగొట్టి అర్థం చెబుతుంది. కందుకూరు అసలు స్కందపురి అని అక్కడి స్థలపురాణం చెబుతుంది. ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందన్నది ఊరి చరిత్ర. మీ తాతముత్తాతలకి ఆ పేరు అంటింది మాత్రం వాళ్ళు ఆ ఊరి నుంచి వచ్చినందుకు. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేస్తేనే తికమక మొదలవుతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఇది కాస్త నిదానంగా చదవండి. కందుకూరులో ఉన్నవాళ్ళని కందుకూరివారు అని ఎవరూ పిలవరు. ఊరంతా కందుకూరే అయినప్పుడు ఆ గుర్తు ఎవరికీ పనికిరాదు. ఒక కుటుంబం అక్కడి నుంచి మూటాముల్లే సర్దుకుని ఇంకో ఊరు చేరినప్పుడు, కొత్త ఊళ్ళో "ఎవరింటికి వచ్చావు" అంటే "అదే, ఆ కందుకూరి వాళ్ళింటికి" అని జనం అంటారు. ఒక తరం అలా అంటే అది గుర్తు, రెండు తరాలు అంటే అది ఇంటిపేరు. అంటే ఆ పేరు పెట్టింది మీ పూర్వీకులూ కాదు, కందుకూరు వాళ్ళూ కాదు. పక్కింటివాళ్ళు పెట్టారు. ఊరి పేరుతో ఉన్న ఇంటిపేరు ఏదైనా సరే, అందులో ఒక వలస దాగి ఉంటుంది.

పేరున్నవాళ్ళనే చూడండి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టింది తిరుత్తణిలో, సర్వేపల్లి ఉన్నది నెల్లూరు జిల్లాలో. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు 1861లో పుట్టింది కర్ణాటకలోని ముద్దెనహళ్ళిలో, మోక్షగుండం ఉన్నది మన గిద్దలూరు దగ్గర. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల, ఆ ఊరు కంభం దగ్గర ఉంది, ఆయన పుట్టింది 1767లో తిరువారూరులో. ముగ్గురి కుటుంబాలూ తెలుగు నేల దాటి వెళ్ళాయి, భాష చుట్టూ మారింది, రాజ్యాలు మారాయి, ఊరి పేరు మాత్రం ఇంటితోపాటే నడిచింది. నాకు ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్ళు పులకరించే విషయం. చదువూ రికార్డూ లేని రోజుల్లో కూడా ఒక ఇల్లు తన పాత ఊరిని ఇన్ని వందల ఏళ్ళు మర్చిపోకుండా ఉంచుకుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఆ ఊరికి కరణాలో, అగ్రహారీకులో (ఊరిని దానంగా పొందిన బ్రాహ్మలు), దొరలో అయితే ఊళ్ళో ఉండగానే ఊరి పేరు ఇంటిపేరు కావొచ్చు, ఎందుకంటే ఊరు వాళ్ళది కాబట్టి. ఈ పద్ధతి పాతదే. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి శాసనం 1213 నాటిది, కాకతీయుల కింద రేచర్ల, మల్యాల, గోన, చెరకు అని సామంతుల ఇళ్ళన్నీ ఇంటిపేర్లతోనే కనిపిస్తాయి.

ఇక వీరేశలింగం గారి సంగతి. ఆయన పుట్టింది 1848లో రాజమండ్రిలో, పూర్వీకులు కందుకూరు నుంచి వచ్చినవాళ్ళు. మీరు కూడా గోదావరి వైపే ఉన్నారు కాబట్టి నాన్నమ్మగారి మాట పూర్తిగా కొట్టిపారేయక్కర్లేదు. కానీ ఇంకో కందుకూరి ఆయన్ని చూడండి. కందుకూరి రుద్రకవి, వీరేశలింగం గారికి సుమారు మూడు వందల ఏళ్ళ ముందు, గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా కాలం వాడు. ఆయన రాసిన జనార్దనాష్టకంలో ప్రతి పద్యం "కందుకూరి జనార్దనా" అని కందుకూరు దేవుణ్ణి పిలుస్తూ ముగుస్తుంది. ఆయన విశ్వబ్రాహ్మణుడని చెబుతారు, వీరేశలింగం గారు నియోగి. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే, ఊరూ ఒకటే, ఇళ్ళు వేరు. ఒక ఊరి నుంచి బ్రాహ్మలు వెళ్తారు, కంసాలులు వెళ్తారు, రైతులు వెళ్తారు, నేతపనివాళ్ళు వెళ్తారు. వెళ్ళిన చోటల్లా అందరికీ అదే పేరు అంటుతుంది. ఊరి పేరుతో వచ్చిన ఇంటిపేర్లు నాలుగైదు కులాల్లో కనిపించడానికి కారణం ఇదే. అందుకని ఇంటిపేరు ఒక్కటే చూసి దాయాదులు అనుకోకండి. ఇంటిపేరు, గోత్రం, శాఖ, పాత ఊరు ఈ నాలుగూ కలవాలి. కలిసినా అది ఆధారం మాత్రమే, ఇద్దరికీ తాత ఫలానా అని ఒక్క మనిషి పేరు తేలినప్పుడే చుట్టరికం ఖాయం.

ఇంకో చిక్కు. కందుకూరు ఒక్కటే లేదు. అందరికీ తెలిసింది ఒంగోలు, కావలి మధ్య ఉన్నది, రంగారెడ్డి జిల్లాలో ఇంకో కందుకూరు ఉంది, అది మండల కేంద్రం. మీరు ఉన్న చోటుని బట్టి మొదటిదే అయి ఉండే అవకాశం ఎక్కువ, అయినా రెండూ మనసులో పెట్టుకోండి, ఎందుకంటే రికార్డులు ఒకలా ఉండవు. మొదటి కందుకూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, రెండోది నిజాం రాజ్యంలో, అక్కడి పాత రికార్డు ఉర్దూలో ఉంటుంది. మొదటిది కూడా 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ ఏడు ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళింది, 1972లో ఆ జిల్లాకి ప్రకాశం అని పేరు పెట్టారు, 2022లో కందుకూరు మళ్ళీ నెల్లూరులో కలిసింది. పాత కాయితంలో "నెల్లూరు జిల్లా కందుకూరు తాలూకా" అని ఉంటే అది ఏదో వేరే ఊరు అనుకుని పక్కన పెట్టినవాళ్ళు నాకు తెలుసు.

ఊరి పేరు కాని ఇంటిపేర్లు కూడా బోలెడు ఉన్నాయి, వాటి గురించి ఎక్కువ చెప్పను, మీకు పనికిరావు. సోమయాజుల, వాజపేయాజుల అంటే యజ్ఞం చేసినవాళ్ళ ఇల్లు. జోస్యుల, పురాణం అంటే చేసిన పని. రాయసం అంటే రాజుగారి దగ్గర రాతపని. భండారు అంటే ఖజానా చూసినవాళ్ళు. నేతి, పప్పు, వంకాయల, పిల్లి, మేకల లాంటి వాటికి ఎక్కువగా ఎవరో ఒక ముత్తాతకి పెట్టిన మారుపేరు మూలం. "ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు" అని సామెత ఉంది కదా, పేరుని బట్టి ఇంటిని అంచనా వెయ్యొద్దని మన పెద్దలకి ఎప్పుడో తెలుసు.

కానీ ఒక రకం గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. కాయితాల్లో ఇంటిపేరు ఉండాల్సిన చోట కులం పేరు ఉన్న కుటుంబాలు. తెలంగాణ పోరాటంలో అందరికీ తెలిసిన చాకలి ఐలమ్మ గారి అసలు ఇంటిపేరు చిట్యాల. ఆమె చిట్యాల ఐలమ్మ. ఒక పల్లెలో ఓ పెద్దాయన నన్ను పిలిచి తన బడి సర్టిఫికెట్ చూపించారు, పేరుకి ముందు కులం రాసి ఉంది. బళ్ళో వేసిన రోజు పంతులు "మీరెవరు రా" అని అడిగితే వాళ్ళ నాన్న చేతులు కట్టుకుని కులం చెప్పాడట, పంతులు అదే రాసేశాడు. ఆయన ఉద్యోగం, రేషన్ కార్డు, కొడుకుల పాస్‌పోర్టులు అన్నీ అదే పేరుతో నడిచాయి. అసలు ఇంటిపేరు కేవలం పెళ్ళిళ్ళప్పుడు, ఇంటి ఆడవాళ్ళ నోట్లో మాత్రం మిగిలింది. మేం ఇద్దరం కూర్చుని ఆయన మేనత్తని అడిగి అది రాసుకున్నాం. ఆయన ఆ మాటని కాయితం మీద రెండుసార్లు తన చేత్తో రాసి చూసుకున్నారు. అందుకే ఎవరైనా "మా ఇంటిపేరు కులం పేరే" అంటే నేను వెంటనే నమ్మను. లోపల ఇంకోటి ఉంటుంది.

సరే, మీరు చెయ్యాల్సింది.

మొట్టమొదట నాన్నమ్మగారు. ఇంకే పనీ పెట్టుకోకుండా ఈ వారమే వెళ్ళి కూర్చోండి, ఫోన్లో రికార్డు పెట్టుకోండి. "మన ఇంటిపేరు ఎలా వచ్చింది" అని అడగొద్దు, దానికి ఆవిడ మళ్ళీ పంతులుగారి కథే చెబుతారు. మీ తాతగారి తద్దినంలో ఏ పేర్లు చెప్పేవారు? అందులో తండ్రి, తాత, ముత్తాత మూడు తరాలు దొరుకుతాయి. పురిటికీ మైలకీ ఎవరికి కబురు పంపేవారు? మైల ముఖ్యంగా పట్టేది దాయాదులకే కాబట్టి ఆ జాబితా బంగారం. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఏ ఊరి జాతరకి, ఏ ఊరి దేవుడికి మొక్కు తీర్చడానికి తీసుకెళ్ళారు? ఇలవేల్పు ఎవరు? కుటుంబాలు ఊళ్ళు మారతాయి గానీ ఇలవేల్పుని అంత తేలిగ్గా మార్చవు. మీవాళ్ళ మొక్కు జనార్దనస్వామికో, కందుకూరు చుట్టుపక్కల ఇంకో దేవుడికో ఉంటే అది గట్టి ఆధారం.

రెండోది దస్తావేజులు. ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉండేవి, గుడ్డలో కట్టి ఉంచినవి, మడతల దగ్గర చిరిగిపోయినవి. వాటిని బలవంతంగా విప్పకండి, ఒక్కో మడతా తీస్తూ ఫోటోలు తీసుకోండి. పాత క్రయ దస్తావేజు మొదటి నాలుగు వరుసలే మనకి కావాలి: ఫలానా జిల్లా ఫలానా తాలూకా ఫలానా ఊరు కాపురస్థులు, ఫలానా కులం, ఫలానా వృత్తి, ఫలానా వారి కుమారుడు. "ప్రస్తుత కాపురం" అని ఒక ఊరు రాసి ఉంటే దాని ముందు ఇంకో ఊరు ఉన్నట్టే. ఇంట్లో ఏమీ లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో ఉంటుంది, రెండోది ఆస్తులతో. మీకు కావాల్సింది ఒకటోది. ముత్తాత పేరు తెలిస్తే చాలు. ఊరు తెలిస్తే ఇంకా తేలిక.

మీవాళ్ళకి ఈనాం భూమి ఏమైనా ఉండి ఉంటే మీ అదృష్టం. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఈనాం కమిషన్ వేశారు, ఆ తర్వాత ఊరూరా ఈనాం ఫెయిర్ రిజిస్టర్ తయారైంది. భూమి ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, ఆ మనిషి మొదటి ఆయనకి ఏమవుతాడు అని అందులో రాశారు. ఒక్క గడిలో మూడు తరాలు దొరికిన సందర్భాలు నాకు ఉన్నాయి. అంతకు ముందు కాలానికి కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ సేకరించిన కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, ఉన్నాయి, ఆయన 1821లో చనిపోయాడు కాబట్టి అవన్నీ ఆ లోపలివే. ఊరి కరణాల దగ్గర విని రాసినవి, కరణాల ఇంటిపేర్లు వాటిలో బాగా కనిపిస్తాయి, మామూలు రైతు కుటుంబాలు తక్కువ.

కాశీకో గయకో మీ తాతల్లో ఎవరైనా వెళ్ళి ఉంటే అక్కడి పండాలు, అంటే యాత్రికులకి కర్మలు చేయించే పురోహితులు, ఊరు, ఇంటిపేరు, తండ్రి తాతల పేర్లు పుస్తకాల్లో రాసుకునేవారు. ఏ పండా దగ్గర దిగారో ఇంట్లో తెలిస్తేనే అది పనికొస్తుంది. బ్రాహ్మలు కాని మిగతా కులాలవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట: మీ వంశాలు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. పిచ్చకుంట్లవారు, అంటే వంశరాజులు, రైతు కుటుంబాల గోత్రాలు, ఇంటిపేర్లు నోటికి చెబుతారు. పద్మశాలీలకి కూనపులివాళ్ళు, గొల్లలకి మందహెచ్చులవాళ్ళు, విశ్వబ్రాహ్మణులకి రుంజవాళ్ళు, మాదిగలకి డక్కలివాళ్ళు. ఇప్పుడు బాగా చెప్పగలిగినవాళ్ళు తగ్గిపోయారు. దొరికితే గౌరవంగా కూర్చోబెట్టి, ఇవ్వాల్సింది ఇచ్చి, మొత్తం రికార్డు చేసుకోండి.

ఇంటిపేరు మారుతుంది, అది మర్చిపోకండి. మనం అనుకున్న దానికంటే తరచుగా మారుతుంది. హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగా చేసిన బూర్గుల రామకృష్ణారావు గారి ఇంటిపేరు పుల్లంరాజు. బూర్గుల వాళ్ళ ఊరు, అదే స్థిరపడిపోయింది.

నేను చేసిన వాటిలో నన్ను ఎక్కువ రోజులు తిప్పింది ఒక గుంటూరు వైపు కుటుంబం. ఇంటిపేరు ఊరి పేరే, ఊరు కూడా దొరికింది, కానీ ఆ ఇంటిపేరుతో ఉన్న మిగతా వాళ్ళందరి గోత్రం ఒకటి, వీళ్ళది ఒకటి. ఆరు నెలలు ఇది తెగలేదు. చివరికి వాళ్ళ అటక మీద తవుడు డబ్బాలో ఒక దత్తత కాయితం దొరికింది, సగం చెదలు తినేసింది. ముత్తాతని తల్లి తరఫు తాతగారు ఇల్లు నిలబెట్టుకోవడానికి తెచ్చుకున్నారు. పేరు ఆ ఇంటిది అయింది, గోత్రం మాత్రం ఎవరో పాతదే చెప్పుకుంటూ వచ్చారు. ఇల్లరికం వెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. పాత దస్తావేజులో పేరు పక్కన "ఉరఫ్" (అంటే మరో పేరు) అని కనిపిస్తే అక్కడ ఆగండి, అటు పక్కన ఉన్నది పాత ఇంటిపేరు కావొచ్చు.

ఇనీషియల్స్ విషయంలో కూడా జాగ్రత్త. "కె." అంటే కందుకూరి అనే అనుకుంటాం, అది కొమ్మూరి అయి ఉండొచ్చు, కొల్లూరి అయి ఉండొచ్చు. మద్రాసు వైపు చదివిన వాళ్ళ కాయితాల్లో అది తండ్రి పేరు కూడా అవుతుంది. ఇంటిపేరు పూర్తిగా రాసి ఉన్న ఒక్క కాయితం అయినా దొరికే దాకా ఆ తరాన్ని ఖాయం చెయ్యకండి. ఇంటిపేర్లకి గోత్రాల పట్టికలు ఫార్వర్డ్ అవుతుంటాయి, వాటిని అసలు లెక్కలోకి తీసుకోకండి, ఒక ఇంటిపేరుకి ఒకే గోత్రం అని రాసిన పట్టిక ఏదైనా తప్పే.

మీవాళ్ళు కందుకూరు ఎందుకు వదిలారన్నది కూడా ఆలోచించండి, కాలం పట్టుకోవడానికి అది సాయపడుతుంది. 1832–33 నందన కరువులో గుంటూరు సీమ నుంచి జనం కొట్టుకుపోయినట్టు వెళ్ళారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, ఆ తర్వాత గోదావరి డెల్టాలో నీళ్ళు, పని, భూమి దొరికాయి. 1876–78 ధాత కరువు ఇంకో దెబ్బ. మీరు మూడు తరాలుగా కాకినాడ అన్నారు, మూడు తరాలంటే మహా అయితే వంద ఏళ్ళు. కందుకూరికీ కాకినాడకీ మధ్య కనీసం ఒక ఊరు, బహుశా రెండు ఊళ్ళు ఉంటాయి. ఇప్పుడు మీకు దొరకాల్సింది ఆ మధ్య ఊరు. అది రాజమండ్రి అని తేలితే నాన్నమ్మగారి మాటకి బలం వచ్చినట్టే, అప్పుడు గోత్రం పోల్చి చూద్దాం.

మీ గోత్రం, శాఖ, ఇలవేల్పు, ముత్తాతగారి పేరులో మొదటి మాట (పూర్తి పేరు ఇక్కడ పెట్టకండి), ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత దస్తావేజు ఏ ఏడాదిదో కింద రాయండి. దస్తావేజు మొదటి పేజీ చదవడం రాకపోతే కంగారు పడకండి. ఆ గొలుసుకట్టు రాత నాకు అలవాటే, పేర్లు కనబడకుండా చేసి కాపురస్థులు అని ఉన్న వరుస ఒక్కటి ఫోటో పెట్టండి, ఊరి పేరు నేను చదివి చెప్తాను.